పందుల కాళ్ళూ, భామిని పథకమూ

డాక్టర్ ఉగ్రనరసింహానికి పేరు నాలుగో అవతారానిది, ఉద్యోగం మూడో అవతారం దగ్గర. దశావతారాల సీనియారిటీ జాబితా ప్రకారం వరాహం కింద నరసింహం పనిచెయ్యడం సర్వీసు రూల్సుకు విరుద్ధం కాదు గనక ఆయనెప్పుడూ నామోషీ పడలేదు. పందిళ్ళపల్లె ప్రభుత్వ పందుల క్షేత్రానికి ఆయన సూపరింటెండెంటు. ఊరికి ఆ పేరు పందిళ్ళ వల్ల వచ్చిందా, పంది ఇళ్ళ వల్ల వచ్చిందా అని కొత్తవాళ్ళెవరైనా అడిగితే, "సంధి చేస్తే రెండూ ఒకటేనండీ. సందు చేస్తే మాత్రం పంది బయటికి పోతుంది," అని దొడ్డి తలుపు గడియ వేసేవాడు. పేరులో ఉన్న ఉగ్రం ఊపిరిలో లేదు. పందిని అదిలించాలన్నా "కొంచెం జరుగమ్మా" అనే రకం.

ఆ ఏడు ఆయన చేతి కింద ఒక షెడ్డు నిండా ఎదిగే వయసు ఆడపందులున్నాయి. తెల్లగా, బొద్దుగా, చెవులు నిక్కపొడుచుకుని, దాణా తట్ట కనబడితే చాలు పోలింగు బూతులో జనంలా తోసుకొచ్చేవి. తవుడు పోస్తే అడుగున సిమెంటు కనబడేదాకా తవ్వుడే.

వాటి మీద ఆయనకంటే ఎక్కువ ఆశ పెట్టుకున్న మనిషి సుంకులమ్మ. గుడిమిట్టలో పందులు పెంచుకునే ఆడవాళ్ళ సంఘానికి పెద్ద. ఆ పందులు ప్రభుత్వం ఆ సంఘానికే మంజూరు చేసింది. ప్రతి సంతరోజూ ఆమె సంచీ భుజాన వేసుకొచ్చి, షెడ్డు గోడ మీద మోచేతులాన్చి, కొత్త సంబంధం చూడ్డానికొచ్చిన అత్తగారిలా వాటిని ఒక్కొక్కదాన్నీ నడకతో సహా చూసుకునేది.

"ఏం సారూ, నా కోడండ్లు బాగుండారా?"

"బాగున్నారమ్మా. అత్తగారింటికి ఎప్పుడెప్పుడా అని ఎదురుచూస్తున్నారు."

"దసరా పోతానే తోలకపోతా. నీ మాట నమ్ముకోని మా పాత పందులన్నీ అమ్మేస్తిమి, కొత్తగా దొడ్లు కట్టిస్తిమి. నువ్వు మాట తప్పితివా, మా ఆడోళ్ళు పందులకు బదులు నన్ను కట్టేస్తారు ఆ దొడ్లో."

"తప్పను. నడిపించుకుంటూ తీసుకుపోతువు గానీ," అన్నాడు నరసింహం.

ఆ మాటన్నప్పుడు ఆయన ధైర్యమంతా దాణాలో ఉంది. ఎదిగే పందికి ఎముక ముఖ్యం, ఎముకకు భాస్వరం ముఖ్యం. మొక్కజొన్నలో, సోయాచెక్కలో, తవుడులో భాస్వరం దండిగానే ఉంటుంది గానీ, మొక్క మహా పిసినారిది. దాన్ని గింజలో పెట్టి తాళం వేసుకుంటుంది. ఆవు పొట్టలో ఆ తాళం తీసే సూక్ష్మజీవులు కాపురముంటాయి. పంది పొట్టలో వాటికి సరైన వసతి లేదు. కాబట్టి పంది తిన్న భాస్వరంలో సగానికి పైగా పట్నం చూడ్డానికొచ్చి హోటల్లో గది దొరకని యాత్రికుడిలా ముందు దారిన వచ్చి వెనక దారిన వెళ్ళిపోతుంది. ఆ లోటు పూడ్చడానికి దాణాలో తెల్లటి ఖనిజ మిశ్రమం కలుపుతారు. అంతే సంగతి. పందికి మాత్రమే తెలిసినంత కాలం ఇందులో గొడవేమీ లేదు. ప్రభుత్వానికి తెలియడంతో వచ్చింది.

రాజధానిలో డైరెక్టర్ సదానందం గారు పొద్దున్నే చుట్టూ నడిచే చెరువు ఒకనాడు పచ్చబడింది. అదే వారం ఒక వర్క్‌షాపులో ఎవరో శాస్త్రవేత్త, భాస్వరం ఎక్కువైతే నీళ్ళలో నాచు పెరుగుతుందనీ, పందుల పెంటలో భాస్వరం ఉంటుందనీ రెండు వాక్యాలు చెప్పాడు. మూడో వాక్యం చెప్పబోయేంతలో టీ విరామం వచ్చింది. ఆ మూడో వాక్యమేమిటో ఈనాటికీ ప్రభుత్వానికి తెలియదు. ఆ చెరువు దరిదాపుల్లో పందన్నది లేదు, అందులో కలిసే మురుగంతా ఓటుహక్కు ఉన్నవాళ్ళదే. అయితే ఓటర్ల మీద సర్క్యులర్ తీస్తే ఓడిపోతారు. పందుల మీద తీస్తే పేరొస్తుంది.

అలా పుట్టింది భాస్వర మితవ్యయ నియంత్రణ పథకం. మూడు మాటల్లోనూ మొదటి అక్షరాలు తీసి ముద్దుగా 'భామిని' అన్నారు. దాని దెబ్బకు మొదట దెబ్బతిన్నది నరసింహం సంసారం. "భామిని పని మీద రాజధానికి వెళ్ళొస్తా," అని ఆయన ఇంట్లో చెప్పిన రోజు సాయంత్రం పొయ్యి వెలగలేదు.

రాజధాని సమావేశంలో సదానందం గారి పక్కన ఆర్థిక సలహాదారు కోదండపాణి కూర్చున్నాడు. ఆయన సంతకం పెట్టిన ప్రతిచోటా ఏదో ఒకటి తెగుతుంది గనక శాఖలో అందరూ చాటుగా 'కోతదండపాణి' అనేవాళ్ళు. పందిని జీవితంలో చూసిన పాపాన పోలేదు గానీ బడ్జెట్టును నిద్రలో కూడా చూస్తాడు.

"మిత్రులారా," అని మొదలుపెట్టాడు కోదండపాణి. "ప్రాథమికంగా పంది అనునది ఒక వ్యయ విభాగము. ఏ శాఖకైనా మనం కేటాయింపులు చేస్తాం. సంవత్సరాంతమున ఖర్చు కాని మొత్తాన్ని ఆ శాఖ సరెండర్ చేస్తుంది. సరెండర్ చేసినదంటే అర్థమేమి? అవసరం లేదని. తదుపరి కేటాయింపులో ఆ మేరకు కోత విధిస్తాం. ఇది తాతముత్తాతల నాటి సూత్రం. ఇప్పుడు పందిని పరిశీలిద్దాం. భాస్వరం కేటాయించాం. సగం పైగా సరెండర్ చేసింది. ఎవరూ అడగకుండా, స్వచ్ఛందంగా, ప్రతిదినమూ! దీని తాత్పర్యమేమి?"

"అవసరం లేదన్నమాట!" అన్నారు సదానందం గారు, సదా ఆనందంగా.

చప్పట్లు మోగాయి. నరసింహం లేచి నిలబడ్డాడు. తనెందుకు లేచాడో తనకే ఆశ్చర్యంగా ఉంది.

"సార్, పంది సరెండర్ చెయ్యడం లేదు. దానికి అందడం లేదు. గింజలో భాస్వరానికి తాళం వేసుంటుంది."

"తాళమా?" కోదండపాణి కళ్ళజోడు సర్దుకున్నాడు. "ఎవరు వేశారు?"

"మొక్క వేసింది సార్."

"ఏ ఉత్తర్వుల మేరకు?"

"ప్రకృతి సార్."

"ప్రకృతి ఏ శాఖ? అటవీ శాఖా?"

"తాళం తీసే ఎంజైము ఒకటి దొరుకుతుంది సార్. దాణాలో చిటికెడు కలిపితే పందికి ఆ భాస్వరం అందుతుంది, పెంటలోకి పోయేదీ తగ్గుతుంది. మీ నాచు బాధా తీరుతుంది. అదొక తాళంచెవి అనుకోండి."

కోదండపాణి సభవైపు తిరిగాడు. "విన్నారా? ఖజానా తాళంచెవి తీసుకెళ్ళి పంది చేతికిమ్మంటున్నారు!"

సభ గొల్లుమంది. సదానందం గారు చెయ్యెత్తి నవ్వులాపి, "డాక్టరు గారి భావావేశాన్ని గౌరవిద్దాం. తాళంచెవి విషయమై సూత్రప్రాయంగా ఒక ఉపసంఘం వేద్దాం. ఆ నివేదిక వచ్చేవరకూ తాళం వేసినది వేసినట్లే ఉండవలెను," అని సెలవిచ్చి, భామినిని ప్రయోగాత్మకంగా మొట్టమొదట పందిళ్ళపల్లెలోనే అమలు చెయ్యమన్నారు. నోరెత్తినవాడి నెత్తినే పెట్టడం కూడా తాతముత్తాతల నాటి సూత్రమే.

పందిళ్ళపల్లెలో పని మొదలైంది. ఇన్నాళ్ళూ పంది ముందుకు తట్ట పట్టుకెళ్ళిన చేతులు ఇప్పుడు పంది వెనక్కి తట్ట పట్టుకెళ్ళాయి. ప్రతి పంది వెనకా ఒక మనిషి నిలబడి, అది సరెండర్ చేసినప్పుడల్లా నమూనా పట్టి, సీసాలో పోసి, సీలు వేసి రాజధానికి పంపాలి. షెడ్డులో పనిచేసే తిరుపాలు మొదటిరోజే గోలపెట్టాడు.

"సారూ, ఇదేం ఉద్దోగం సా? నేను ఎనక నిలబడితే అది సిగ్గుపడతాంది. నేను పక్కకి పోతానే కానిచ్చేస్తాంది."

"ప్రభుత్వం చూస్తున్నప్పుడు ఎవరు మాత్రం పనిచేస్తారు తిరుపాలూ? ఓపిక పట్టు."

మొదటి విడత ఫలితాలు చూసి ఖనిజ మిశ్రమంలో సగం కోశారు. రెండో విడత నమూనాల్లోనూ పందులు తిన్నదాంట్లో సగానికి పైగా బయటికే పోయిందని తేలింది. పోదా మరి! మిగిలింది తాళం వేసిందే కదా. దాంతో ఖనిజ మిశ్రమం పూర్తిగా కోశారు. ఇప్పుడిక పొట్టలోకి వెళ్ళేదల్లా తాళం వేసిందే కావడంతో బయటికొచ్చే వంతు ఇంకా పెరిగింది. "కేటాయింపులు తగ్గించినకొద్దీ దుబారా పెరుగుచున్నది. ఇది ఉద్దేశపూర్వక ధిక్కారము," అని మెమో వచ్చింది. ఆ మెమోను పందులకు చదివి వినిపించి వాటి సంజాయిషీ పంపమన్నారు. నరసింహం చదివాడు. ఒక పంది మూతి పైకెత్తి ఆ మెమో లాక్కుని నమిలి మింగింది. 'సంబంధిత వ్యక్తి మెమోను స్వీకరించినది' అని ఆయన జవాబు రాశాడు. అబద్ధమేమీ రాయలేదు.

నిజానికి ఆ మింగడంలోనే జబ్బు బయటపడింది. భాస్వరం చాలని పందికి అడ్డమైనవాటి మీదా ఆశ పుడుతుంది. గోడలకు కొట్టిన సున్నం నాకాయి. చీపుర్లు నమిలాయి. షెడ్డు గుమ్మానికి కట్టిన భామిని ఫ్లెక్సీని అందినంత మేర తినేశాయి. అందులో సదానందం గారి చిరునవ్వు మాత్రం ఎత్తున ఉండి దక్కింది. తర్వాత తినడమే తగ్గించాయి. ఆపైన కుంటడం మొదలుపెట్టాయి. కుంటినవి కొన్నాళ్ళకు వెనక కాళ్ళు కూలబడి కుక్కల్లా కూర్చున్నాయి.

సంతరోజు సుంకులమ్మ వచ్చి గోడ మీద మోచేతులాన్చింది.

"ఏం సారూ, పందులు పంక్తి భోజనానికి కూకున్యట్ల కూకున్యాయే?"

"కాళ్ళలో బలం తగ్గిందమ్మా."

"నడిపించుకోని పోదువులే అంటివి. నడిసేది యాడ సారూ, లేస్తే కదా! వీట్ని నేను ఎట్ల తోలకపోవల్ల? సంకనేసుకోని పోవల్నా?"

ఆమె వెళుతూ వెళుతూ ఒక పంది వీపు మీద చెయ్యి వేసి చూసింది. అది ఆమె చెయ్యి నాకింది. మామూలుగా నాకలేదు, సున్నం నాకినట్టు నాకింది.

ఆ సాయంత్రమే ఆయన రాజధానికి ఫోను చేశాడు. పందులు లేవలేకపోతున్నాయని చెప్పాడు. కోదండపాణి శ్రద్ధగా విన్నాడు.

"ఎక్కడ లోటంటారు?"

"ఎముకల్లో సార్. కాలి ఎముకలు మెత్తబడ్డాయి."

"తల ఎముక?"

"అదింకా ఫరవాలేదు సార్."

"చూశారా, ఒక పద్దులో లోటు, ఒక పద్దులో మిగులు. దీనికి కొత్త కేటాయింపెందుకు? తల పద్దులో నుంచి కాళ్ళ పద్దుకు మళ్ళింపు ఉత్తర్వులు తీసుకోమని పందికి చెప్పండి. అంతర్గత సర్దుబాటు!"

"ఎముకల్లో ఉన్నది సర్దుకుని సర్దుకునే ఇంతవరకూ వచ్చింది సార్. ఇంక సర్దడానికి లేదు."

"డాక్టరు గారూ, మీరు పంది తరఫున మాట్లాడుతున్నారా, ప్రభుత్వం తరఫునా?"

ఇద్దరికీ తేడా తెలిసినవాడు గనక నరసింహం ఫోను పెట్టేశాడు.

దసరా దగ్గరపడే వేళకు సదానందం గారు, కోదండపాణి తనిఖీకి వచ్చారు. అప్పటికి షెడ్డులో పందులన్నీ పడుకునే ఉన్నాయి. ఈగ వాలినా చెవి విదిలించడం లేదు. సదానందం గారు గుమ్మంలోనే ఆగి చేతులు జోడించినంత పని చేశారు.

"ఆహా, ఎంత ప్రశాంతత! తోపులాట లేదు, అరుపులు లేవు. భామిని పూర్వపు పందులకూ, భామినీ యుగపు పందులకూ ఎంత వ్యత్యాసం! వీటిలో సంయమనం ప్రవేశించింది. కోదండపాణి గారూ, 'నిరాడంబర వరాహం' అని ఒక పుస్తకం వేయించండి."

"అవి సంయమనంతో పడుకోలేదు సార్," అన్నాడు నరసింహం. "లేవలేక పడుకున్నాయి. దసరా దాటగానే వీటిని గుడిమిట్ట సంఘానికి అప్పగించాలి. అప్పగింత నియమం మీకు తెలిసిందే."

ఆ నియమం పాతది. వెనకటికెప్పుడో ఒక క్షేత్రంవాళ్ళు చచ్చిన గొడ్డును బండి మీద వేసి లబ్ధిదారు ఇంటి ముందు దించి వచ్చారట. అప్పట్నుంచీ 'అప్పగించబడు పశువు క్షేత్ర ద్వారమును స్వపాదములపై దాటవలెను' అని శాఖ కట్టడి చేసింది. మోసుకెళ్ళి ఇవ్వడం కుదరదు. బండెక్కించడం కుదరదు. తన కాళ్ళ మీద తను గేటు దాటిన పందే ఇచ్చిన పంది.

సదానందం గారి ముఖంలో ఆనందం మొదటిసారి గడప దగ్గర ఆగింది. ఎందుకంటే అప్పగింతకు మంత్రిగారి ఆఫీసు నుంచి కూడా మనుషులొస్తున్నారు. అప్పుడే నరసింహానికి ఆశ కలిగింది. నియమమే నియమాన్ని కొడుతుంది, ఇప్పుడైనా ఖనిజ మిశ్రమం ఇమ్మంటారని.

"ఒక నెల గడువిప్పించండి సార్. ఖనిజ మిశ్రమం ఇప్పించండి. నడుస్తాయి."

కోదండపాణి చెయ్యెత్తి ఆపాడు. పైకప్పు వంక చూశాడు. చిన్నప్పుడు రైలు కిటికీలోంచి చెట్లు పరిగెత్తడం చూసిన ప్రతి మనిషిలోనూ నిద్రపోతూ ఉండే భౌతికశాస్త్రం ఆయనలో మేలుకుంది.

"నియమంలో ఏమున్నది? పశువు ద్వారమును దాటవలెను. దాటుట అనగా ఇటువైపు ఉన్నది అటువైపు కావడం. పశువు ద్వారమును దాటినా, ద్వారము పశువును దాటినా తుది ఫలితంలో తేడా ఏమున్నది?"

"ఏమీ లేదు!" అన్నారు సదానందం గారు, ఆనందం గడప దాటి లోపలికి రాగా.

"స్వపాదములపై అన్నారు సార్," అన్నాడు నరసింహం.

"అవి దేని మీద పడుకున్నాయో చూడండి. వాటి కాళ్ళ మీదే కదా! పొరుగు పంది కాళ్ళ మీద పడుకోలేదే!"

దసరా వెళ్ళిన తర్వాతి సంతరోజున, తప్పెట్లు మోగుతుండగా పందిళ్ళపల్లెలో అప్పగింత జరిగింది. ఆ క్షేత్రం గేటంటే రెండు స్తంభాలూ, పైన పేరు రాసిన రేకు కమానూ కలిపి అతికిన ఒకే ఇనుప చట్రం. దాన్ని మొదలంటా పెకలించారు. ఎనిమిదిమంది బలమైన మనుషులు అటు నలుగురూ ఇటు నలుగురూ పట్టి నిలువుగా ఎత్తారు. పందులు వరసగా పడుకుని ఉన్నాయి. ఇనుప గేటు తప్పెట్ల దరువుకు అడుగులో అడుగు వేసుకుంటూ వచ్చింది. మొదటి పందిని దాటింది. రెండోదాన్ని దాటింది. ఒక్కో పంది మీదుగా కమాను వెళ్ళినప్పుడల్లా సదానందం గారు పూలు చల్లారు. మధ్యలో ఒక పంది కన్ను తెరిచి, తన మీదుగా ప్రభుత్వం నడిచివెళ్ళడం చూసి, మళ్ళీ మూసుకుంది.

సుంకులమ్మ వెంట సంఘం ఆడవాళ్ళంతా వచ్చారు. అందరి చేతుల్లోనూ పందుల్ని తోలుకెళ్ళడానికి తెచ్చిన కర్రలున్నాయి. ఆ కర్రల్ని ఏం చెయ్యాలో తెలియక కొందరు వాటి మీద గడ్డాలానించి నిలబడ్డారు.

"సూస్తిరా అమ్మా!" సుంకులమ్మ గొంతు తప్పెట్లను మించి లేచింది. "నడిసే పందులిస్తామని పిలిపించి నడిసే గేటు సూపిస్తాండారు. నాకొద్దు సారూ ఈ పందులు. ఆ గేటే ఇయ్యండి, అదైతే బాగా నడుస్తాంది. తోలకపోతా!"

"లబ్ధిదారు భావోద్వేగానికి లోనయ్యారు," అన్నారు సదానందం గారు మంత్రిగారి మనుషులతో. "వేలిముద్ర తీసుకోండి."

"ఎయ్యను. లేవని పందులకు ఏలు ఎందుకెయ్యల్ల?"

ఆ క్షణంలో నరసింహం గేటు వంక చూశాడు. పందుల వంక చూశాడు. పందులు గేటుకి ఇవతల ఉన్నాయి. అంటే గేటు బయట ఉన్నాయి. ఒక వెలుగు వెలిగింది. భాస్వరానికి వెలిగే గుణం ఉందని చదువుకున్న మనిషికి అది బుర్రలో వెలగడం అదే మొదలు. గబగబా సుంకులమ్మ దగ్గరికెళ్ళి చెవి దగ్గర తగ్గు గొంతుతో అన్నాడు.

"వెయ్యి సుంకులమ్మా. వేలిముద్ర వెయ్యి."

"నువ్వు కూడానా సారూ? నీ మాట నమ్మే కదా నేను ఈ పొద్దు నలుగురిలో నవ్వులపాలైంది."

"విను. గేటు దాటిపోయాయి. నువ్వు వేలు పెట్టావంటే ఇంక అవి ప్రభుత్వానివి కావు, నీవి. భామిని వీటి మీద పనిచెయ్యదు. నీ పందికి నువ్వేం పెట్టుకున్నా అడిగే మొగాడు లేడు. ఖనిజ మిశ్రమం నేను తెస్తా. తాళం తీసే మందు నేను తెస్తా. ఇక్కడే ఉంచి మేపుదాం, లేచేదాకా."

సుంకులమ్మ ఆయన ముఖంలోకి చూసింది. "నువ్వు డాక్టరువా, ప్లీడరువా?"

"ఇవాళ రెండూ."

"లేయకపోతే?"

"లేస్తాయి. లేవనిది ఏదైనా ఉంటే దాని దగ్గర నేను కూర్చుంటా."

ఆమె వేలు సిరాలో ముంచింది. ముంచి, కాగితం మీద వేసేముందు కోదండపాణి వైపు తిరిగి, "ఏం సారూ, ఇంగ ఈటి మింద మీకు హక్కు ల్యా కదా? రేపొచ్చి ఎనక తట్ట పట్టరు కదా?" అని అడిగింది.

"ఏ విధమైన హక్కూ, బాధ్యతా, ప్రమేయమూ లేదు," అన్నాడు కోదండపాణి ఉదారంగా. ఆయన జీవితంలో ఒక మంచిపని జరిగిందంటే అదే. అది మంచిపని అని ఆయనకు తెలియదు గనక పుణ్యంలో సగం మాత్రమే దక్కుతుంది.

అందరూ వెళ్ళిపోయారు. గేటు మాత్రం షెడ్డు చివర అలాగే ఉండిపోయింది. పీకడానికి మంజూరు ఉంది గానీ పాతడానికి లేదు.

తర్వాత రోజుల్లో పందిళ్ళపల్లె షెడ్డులో చిత్రమైన సంసారం నడిచింది. ప్రభుత్వ లెక్కలో అక్కడ పందులు లేవు. లేని పందులకు సంఘం ఆడవాళ్ళు వంతులవారీగా వచ్చి దాణా పెట్టారు. నరసింహం తెల్లటి ఖనిజ మిశ్రమం తెచ్చి కలిపాడు, ఎంజైము చిటికెడు చల్లాడు, పక్కలు మార్చాడు, పుండ్లు కడిగాడు. తిరుపాలు తట్టతో మళ్ళీ పంది ముందుకొచ్చి నిలబడ్డాడు. "ఈ పక్క నుంచి సూస్తే పంది ముకం బలే ఉంటాది సా," అన్నాడు. మొదట ఆకలి లేచింది. తర్వాత చెవులు లేచాయి. ఒక ఉదయం ఒక పంది ముందుకాళ్ళు నేలకు తన్నిపెట్టి, వెనక కాళ్ళతో వాదించి, గెలిచి, లేచి నిలబడింది. నిలబడినందుకు తనే హడలిపోయి అరిచింది. అది చూసి పక్కది. దాన్ని చూసి ఇంకోటి.

ఒకటి మాత్రం లేవలేదు. దాని నడుం ఎముక విరిగింది. నరసింహం చెప్పినట్టే దాని దగ్గర కూర్చున్నాడు. సుంకులమ్మ కూడా వచ్చి కూర్చుంది. అది పోయాక ఇద్దరూ మిగతావాటికి దాణా పెట్టడానికి లేచారు.

రాజధానిలో ఈలోగా ఇంకో అద్భుతం జరిగింది. పందిళ్ళపల్లె నుంచి నమూనాలు రావడం ఆగిపోయింది. లోపలికి వెళ్ళిన భాస్వరం సున్నా, బయటికొచ్చిన భాస్వరం సున్నా. దేశంలో ఇంత శుభ్రమైన పందుల క్షేత్రం మరొకటి లేదని సదానందం గారు ప్రకటించారు. పందులు లేకపోవడమే పందుల పెంపకంలో పరాకాష్ఠ అని తేల్చి, మిగతా క్షేత్రాలు కూడా ఆ స్థాయికి ఎదగాలని పిలుపునిచ్చారు. పందిళ్ళపల్లెకు 'సున్నా' పురస్కారం ప్రకటించారు. ఇత్తడి పళ్ళెం మధ్యలో పెద్ద సున్నా. దాన్ని బహూకరించేముందు సున్నాను స్వయంగా తనిఖీ చేసి రమ్మని కోదండపాణిని పంపారు.

ఆయన కారు దిగిన రోజునే సుంకులమ్మ సంఘం పందుల్ని తోలుకుపోవడానికి వచ్చింది.

గేటు లేని గేటు దగ్గర కోదండపాణి నిలబడి చూస్తుండగా, షెడ్డులోంచి పందులు బయటికొచ్చాయి. వరసగా కాదు, తోసుకుంటూ. చెవులు నిక్కపొడుచుకుని, డెక్కలు టకటకలాడించుకుంటూ, ఒకదాని వీపు మీదికి ఇంకొకటి ఎక్కుతూ వచ్చాయి. వెనక కర్రలతో ఆడవాళ్ళు, ముందు సుంకులమ్మ.

"ఇవేమిటి?" అన్నాడు కోదండపాణి.

"పందులు సార్," అన్నాడు నరసింహం. కోదండపాణి మొదటిసారి పందుల్ని నిలబడగా చూస్తున్నాడన్న సంగతి గుర్తొచ్చి, "కింద ఉన్నవి కాళ్ళు," అని కూడా చెప్పాడు.

సరిగ్గా అప్పుడే ముందు నడుస్తున్న పంది ఆగింది. ఆగి, తోక ఎత్తి, కోదండపాణి బూట్లకు జానెడు దూరంలో తన పని తాను కానిచ్చి, తేలికపడి ముందుకు సాగింది.

కోదండపాణి ముఖం పాలిపోయింది. "ఇందులో భాస్వరం ఉంటుందా?"

"ఉంటుంది సార్. తక్కువే. ఇప్పుడు చాలావరకు ఎముకల్లోనే ఉంటోంది."

"ఎంతైనా కావచ్చు! సున్నా పోయింది కదా! ఇది క్షేత్రం లోపల పడినట్టా, బయట పడినట్టా? గేటేదీ?"

"షెడ్డు చివరుంది సార్. మీరే నడిపించారు."

"అయితే ఇది నిర్ధారణ కాని ప్రాంతం. నిర్ధారణ అయ్యేవరకు ఇది ప్రభుత్వ ఆస్తి. ఎవరూ ముట్టుకోరాదు!"

సుంకులమ్మ కర్ర చంకలో పెట్టుకుని నాలుగడుగులు వెనక్కి వచ్చింది. "ప్రభుత్వానిదా? మేత నాది, పంది నాది, మా సేన్లో ఏస్తే జొన్న ఇంతెత్తు లేస్తాది. మీదెట్లయితాది సారూ?"

"భాస్వరం ఎవరిదన్నది ప్రశ్న!"

"అట్లనా! సరేలే, నువ్వు అంత ఆశపడినాక నేనెందుకు కాదనల్ల? పెద్దోడివి. పట్టు."

అని ఆమె వంగి, రోడ్డు పక్క ఆముదపు ఆకు ఒకటి తుంచి, దాంతో ఆ వేడివేడి పెంటను ఎత్తి, ఏదైనా ఇస్తుంటే చెయ్యి చాపడం ముప్పై ఏళ్ళుగా అలవాటైన కోదండపాణి దోసిట్లో భద్రంగా పెట్టింది. పెట్టి, "హెయ్!" అని పందుల్ని అదిలించింది. మంద మొత్తం దుమ్ము లేపుకుంటూ గుడిమిట్ట దారి పట్టింది.

కోదండపాణి రోడ్డు మధ్యన నిలబడిపోయాడు. జమ చేసుకుంటే సున్నా పోతుంది. జమ చేసుకోకపోతే ఇది తన చేతిలో ఎందుకున్నట్టు? కింద పారేస్తే ప్రభుత్వ ఆస్తిని దుర్వినియోగం చేసినట్టు. ఏ పద్దూ తోచలేదు. ఆకు వేడెక్కి వేళ్ళ సందుల్లోంచి కారడం మొదలైంది.

"డాక్టరు గారూ! డాక్టరు గారూ, దీన్ని ఏం చెయ్యమంటారు?"

నరసింహం అప్పటికే పందుల వెంట నడుస్తున్నాడు. ఆగకుండానే వెనక్కి తిరిగి, ఆ ఊళ్ళో ఎవరూ ఎప్పుడూ విననంత గట్టిగా కేకేశాడు.

"సరెండర్ చేసెయ్యండి సార్!"